మైదానాలు మూసేశాక కూడా 30 ఏళ్ళు ఆడిన లిలీ పార్

లిలీ పార్ పేరెత్తగానే ఇంగ్లండ్‌లో మొదట చెప్పే కథ ఒక గోల్‌కీపర్ చేతి గురించి. ఆడపిల్ల కొట్టిన బంతి తనని దాటి లోపలికి పోవడం జరగని పని అని ఒక మగ ప్రొఫెషనల్ గోల్‌కీపర్ ఎగతాళి చేశాడట. ఆమె మాట్లాడకుండా బంతి పెట్టుకుని కొట్టింది. అతను చేయి అడ్డం పెట్టాడు. చేయి విరిగింది. నోటి మాటగా తరాలు దాటి వచ్చిన కథ ఇది. వినడానికి బాగుంటుంది, అందుకే పత్రికల వాళ్ళు దీంతోనే మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. కానీ ఆమె జీవితంలో అసలు విషయం విరిగిన చేయి కాదు. ఆడటానికి మైదానం లేకుండా చేసిన తర్వాత కూడా దాదాపు 30 ఏళ్ళు ఆగకుండా ఆడటం అసలు విషయం.

లిలీ 1905 ఏప్రిల్ 26న లాంకషైర్‌లోని సెయింట్ హెలెన్స్‌లో పుట్టింది. గాజు ఫ్యాక్టరీలు, బొగ్గు గనులు ఉన్న ఊరు. తండ్రి జార్జ్ గాజు ఫ్యాక్టరీలో కూలీ. ఏడుగురు పిల్లల్లో ఆమె నాలుగోది. కుట్లూ అల్లికలూ వంటా ఆమెకి పట్టలేదు. అన్నదమ్ములతో కలిసి ఖాళీ జాగాల్లో ఫుట్‌బాల్, రగ్బీ ఆడేది. చాలా దూరం నుంచి గట్టిగా, గురిగా కొట్టడం అక్కడే నేర్చుకుంది. కోచింగ్ అనే మాట ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మన వాడల్లో మంచి ఆటగాళ్ళు తయారయ్యేదీ ఇలాగే కదా, చెరువు గట్టు పక్కన, పంట కోసిన మడిలో.

ఆమె 14 ఏళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సెయింట్ హెలెన్స్ ఆడవాళ్ళ జట్టులో చేరింది. ఆ జట్టు ప్రెస్టన్ నుంచి వచ్చిన ఒక జట్టుతో ఆడింది. ఆ ప్రెస్టన్ జట్టు పేరు డిక్, కెర్ లేడీస్. మ్యాచ్ చూశాక ఆ జట్టు మేనేజర్ ఆల్‌ఫ్రెడ్ ఫ్రాంక్‌లాండ్ లిలీనీ, ఆమె తోటి క్రీడాకారిణి ఆలిస్ వుడ్స్‌నీ తమ వైపు తీసుకున్నాడు. 1920లో లిలీ ప్రెస్టన్ వెళ్ళింది. జట్టులోనే ఉన్న ఆలిస్ నోరిస్ కుటుంబంతో కలిసి వాళ్ళింట్లో ఉంది. ఫ్యాక్టరీలో పని, ఆడిన మ్యాచ్‌కి 10 షిల్లింగులు. ఆ డబ్బుతో పాటు వుడ్‌బైన్ సిగరెట్ పెట్టెలు కూడా అడిగి తీసుకునేదని చెప్తారు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

ఇక్కడ ఆ ఫ్యాక్టరీ గురించి కాస్త చెప్పాలి. డిక్, కెర్ కంపెనీ ట్రామ్ బండ్లు, రైలింజన్లు తయారు చేసేది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని ఫిరంగి గుండ్లు చేసే కర్మాగారంగా మార్చారు. మగవాళ్ళు యుద్ధానికి పోయారు, ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ప్రమాదకరమైన పని, పొద్దస్తమానం నిలబడి చేసే పని. మధ్యాహ్నం భోజనం విరామంలో ఫ్యాక్టరీ ఆవరణలో బంతి తన్నడం మొదలైంది. 1917లో గ్రేస్ సిబ్బర్ట్ అనే కార్మికురాలు మగవాళ్ళ జట్టుకి సవాలు విసిరింది. ఆ సరదా ఆటలోంచే జట్టు పుట్టింది. అదే ఏడాది క్రిస్మస్ రోజున ప్రెస్టన్‌లోని డీప్‌డేల్ మైదానంలో మరో ఫ్యాక్టరీ ఆడవాళ్ళతో మొదటి మ్యాచ్ ఆడి 4-0తో గెలిచారు. 10,000 మంది వచ్చారు. వసూలైన డబ్బు గాయపడిన సైనికుల ఆసుపత్రికి పోయింది.

వాళ్ళు చేసిన గుండ్లు ఎవరి మీద పడ్డాయి, ఆ యుద్ధం ఏ సామ్రాజ్యం కోసం జరిగింది అని అడగకుండా ఈ కథ చెప్పడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అడగాలి కూడా. కాకపోతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆ గుండ్లు నింపిన కూలీ పిల్లలు మాత్రం కాదు.

జట్టులో చేరిన మొదటి సీజన్‌లో లిలీ 43 గోల్స్ వేసిందని చెప్తారు. అప్పటికి ఆమెకి 15 ఏళ్ళు. ఆడేది లెఫ్ట్ వింగ్‌లో. మనిషి పొడుగ్గా, దాదాపు ఆరడుగులు, నల్లని జుట్టు. మూల నుంచి ఆమె కొట్టిన కార్నర్ గోల్ ముందు కావలసిన చోటే పడేది. తడిసిన తోలు బంతి ఆ రోజుల్లో రాయిలా బరువెక్కేది. దాన్ని మైదానం ఈ పక్క నుంచి ఆ పక్కకి పంపగల ఆడమనిషి ఉందంటే జనం డబ్బిచ్చి చూడటానికి వచ్చారు.

1920 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ఆడవాళ్ళ జట్టు ఇంగ్లండ్ వచ్చింది. దాన్ని పంపింది పారిస్‌లో ఆడవాళ్ళ క్రీడల కోసం కొట్లాడిన ఆలిస్ మిలియా. అదే ఏడాది శీతాకాలం ముందు డిక్, కెర్ వాళ్ళు ఫ్రాన్స్ వెళ్ళారు. పారిస్‌లో 22,000 మంది చూశారు. ఒక కార్నర్ విషయంలో జనం మైదానంలోకి వచ్చేయడంతో ఆ మ్యాచ్ ముందే ఆగిపోయింది. 1-1. డిసెంబర్‌లో డీప్‌డేల్‌లో రాత్రి మ్యాచ్ పెట్టారు. సైన్యం వాడే సెర్చ్‌లైట్లు తెచ్చి మైదానం మీదికి తిప్పారు, వాటికి యుద్ధ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ అనుమతి కావలసి వచ్చింది. చీకట్లో కనబడాలని బంతులకి సున్నం వేశారు. 12,000 మంది చూశారు.

ఇక ఆ ఏడాది క్రిస్మస్ సెలవుల్లో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మ్యాచ్. 53,000 మంది లోపల. ఇంకో 10,000 మందికి పైగా చోటు చాలక బయటే ఉండిపోయారు. ప్రత్యర్థి జట్టు సెయింట్ హెలెన్స్, అంటే లిలీ సొంత ఊరు, మొదట ఆడిన జట్టు. డిక్, కెర్ జట్టు ముఖ్యమైన ఫార్వర్డ్ ఫ్లోరీ రెడ్‌ఫర్డ్‌కి రైలు తప్పిపోయింది. వెనక ఆడే కెప్టెన్ ఆలిస్ కెల్ రెండో సగంలో ముందుకొచ్చి హ్యాట్రిక్ కొట్టింది. 4-0. ఆ ఒక్క రోజు 3,115 పౌండ్లు వసూలయ్యాయి. పనిలేక, అంగవైకల్యంతో మిగిలిన మాజీ సైనికుల కోసం ఇచ్చేశారు.

1921లో ఆ జట్టు 67 మ్యాచ్‌లు ఆడింది. అన్నీ కలిపి చూసినవాళ్ళు సుమారు 9 లక్షలని లెక్క. ఆడినవాళ్ళు వారమంతా షిఫ్టుల్లో పనిచేసే ఆడవాళ్ళు. రాత్రి రైల్లో తిరిగొచ్చి పొద్దున్నే మళ్ళీ మిషన్ దగ్గర నిలబడ్డవాళ్ళు.

ఇదే ఏడాది ఏప్రిల్ నుంచి బొగ్గు గనుల యజమానులు కూలీ తగ్గించి, ఒప్పుకోని కార్మికులని బయటికి నెట్టి గనులకి తాళాలు వేశారు. లాంకషైర్ గని వాడల్లో పొయ్యి వెలగని రోజులు. ఆడవాళ్ళ జట్లు ఇప్పుడు గని కార్మికుల కుటుంబాల కోసం ఆడటం మొదలుపెట్టాయి. యుద్ధంలో గాయపడ్డవాళ్ళ కోసం ఆడినన్నాళ్ళూ పెద్దమనుషులకి అభ్యంతరం లేదు. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్ళలో కొందరు ఇక్కడ వేలు పెట్టి చూపిస్తారు. డబ్బు ఎటు పోతోందో మారగానే లెక్కల మీద అనుమానం పుట్టింది. నేను వాళ్ళతో ఏకీభవిస్తాను. మగవాళ్ళ క్లబ్బుల గేటు వసూళ్ళకి పోటీ వస్తుందన్న భయం కూడా ఉంది, అది ఎవరూ కాదనలేదు.

1921 డిసెంబర్ 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ ఆడవాళ్ళకి తగిన ఆట కాదు, దాన్ని ప్రోత్సహించకూడదు అన్నది దాని సారం. దానధర్మాల కోసం వసూలైన డబ్బులో ఖర్చుల కింద ఎక్కువ పోతోందని ఇంకో ఆరోపణ. అందుకని తన కింద ఉన్న క్లబ్బులేవీ ఆడవాళ్ళ మ్యాచ్‌లకి మైదానం ఇవ్వకూడదని ఆదేశించింది.

తీర్మానం ఎలా తయారైందో గమనించండి. ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం నేరం అనలేదు. అనే అధికారం దానికి లేదు. మైదానం ఇచ్చినవాళ్ళు సంఘం నుంచి పోతారు అంది. రిఫరీలు, లైన్స్‌మెన్ ఎవరైనా వాళ్ళ మ్యాచ్‌కి పోతే వాళ్ళ మీదా చర్య. మనిషిని తాకకుండా మనిషి చుట్టూ ఉన్న వాటన్నిటినీ తీసేయడం. మనకి దీనికి మాట వెతుక్కోనక్కరలేదు. వెలి. 1991లో చుండూరులో ఆగస్టు 6 మారణకాండకి ముందు వారాల పాటు జరిగింది ఇదే, పనికి పిలవొద్దు, సాయం చెయ్యొద్దు. ఆ రెండిటినీ ఒక తూకంలో పెట్టడం లేదు. చుండూరులో ప్రాణాలు పోయాయి, ప్రెస్టన్‌లో ఆట పోయింది. నేను చెప్పేది వెలివేసే పద్ధతి గురించి మాత్రమే. సాయం చేసేవాణ్ణి భయపెడితే చాలు అన్న తెలివి ఎక్కడైనా ఒకటే.

తీర్మానానికి వైద్యుల సమర్థన కూడా దొరికింది. లండన్ హార్లీ స్ట్రీట్ డాక్టర్ మేరీ షార్లీబ్ ఈ ఆట స్త్రీ శరీరానికి మించిన భారం అని అభిప్రాయం చెప్పింది. ఈ పేరు దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఇదే మేరీ షార్లీబ్ 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో ఒకరు. ఆడవాళ్ళు వైద్యం చదవలేరు అన్న మాటని అబద్ధం చేసిన మనిషి. ఆమె చొరవతో 1885లో మద్రాసులో మొదలైన ఆడవాళ్ళ ఆసుపత్రి పేరులోనే కాస్ట్ అండ్ గోషా అని ఉండేది. కులం ఉన్న హిందూ స్త్రీలకి, పరదాలో ఉండే స్త్రీలకి అని. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాల మాల మాదిగ ఆడవాళ్ళు ఆ పేరులో ఎక్కడా లేరు. ఒక తలుపు తోసుకుని లోపలికి వచ్చిన స్త్రీ ఇంకొకరి ముందు తలుపు మూయడానికి సంతకం ఇవ్వడం కొత్త సంగతి కాదు. ఫ్యాక్టరీలో గుండ్లు మోయడం ఆ శరీరాలకి భారం అని 1917లో ఆ వీధి డాక్టర్లు గొడవ చేసినట్టు మాత్రం నాకు కనబడలేదు.

కెప్టెన్ ఆలిస్ కెల్ ఆ తీర్మానాన్ని బహిరంగంగా ఎదుర్కొంది. పని మానుకుని దూరాలు పోయి ఆడే ఆడపిల్లలకి పోయిన కూలీ ఇవ్వడం తప్పెలా అవుతుంది అన్నది ఆమె వాదన. లెక్కల ఆరోపణకి ఇంతకన్నా సూటి జవాబు లేదు. దానం అనే గొడుగు కింద ఉన్నంతసేపు శ్రమకి కూలీ అడగకూడదు, అడిగితే దొంగలు. ఈ తర్కం మన ఊళ్ళలో డప్పు కొట్టించుకుని గింజలు విదిలించిన వాళ్ళదే.

లిలీకి అప్పుడు 16 ఏళ్ళు. ఆమె ఏమీ ప్రకటన చేయలేదు. ఆడుతూ ఉంది.

1922 శరదృతువులో జట్టు ఓడెక్కి కెనడా చేరింది. అక్కడి ఫుట్‌బాల్ సంఘం కూడా ఆడనివ్వలేదు. అమెరికా దిగితే అక్కడ వీళ్ళకి ఎదురుగా నిలబెట్టింది మగ జట్లని. బయల్దేరేటప్పుడు ఆ సంగతి ఈ ఆడవాళ్ళకి తెలియదు. అయినా ఆడారు. తొమ్మిది మ్యాచ్‌లలో కొన్ని గెలిచారు, కొన్ని డ్రా చేశారు, కొన్ని ఓడారు. ఆ పర్యటనలో గోల్‌కీపర్‌గా నిలబడింది ఫ్రాన్స్ జట్టు నుంచి వచ్చి వీళ్ళతో కలిసిన కార్మెన్ పోమియే. మగవాళ్ళు కొట్టే షాట్లు ఆపే పని. విరిగిన చేతి కథ అందరూ చెప్తారు, ఈమె పేరు ఎవరూ చెప్పరు.

తిరిగొచ్చాక పరిస్థితి సన్నగా, నెమ్మదిగా కుదించుకుపోయింది. 53,000 మంది ఎదుట ఆడినవాళ్ళు పార్కుల్లో, పొలాల్లో, ఊరి బయటి ఖాళీ జాగాల్లో ఆడారు. 1926లో ఫ్రాంక్‌లాండ్‌కీ కంపెనీకీ చెడింది. కంపెనీ చేతులు దులుపుకుంది, జట్టు ప్రెస్టన్ లేడీస్ అయింది. జనం మాత్రం పాత పేరుతోనే పిలిచారు.

ఫ్యాక్టరీ పని పోయినవాళ్ళలో చాలామంది ప్రెస్టన్ దగ్గరి విటింగ్‌హామ్ మానసిక వైద్యశాలలో నర్సింగ్ వైపు వెళ్ళారు. లిలీ కూడా అక్కడే శిక్షణ తీసుకుని జీవితమంతా ఆ వృత్తిలోనే ఉంది. వార్డు బాధ్యత చూసే స్థాయికి ఎదిగింది. వేలమంది రోగులున్న పెద్ద ఆసుపత్రి అది. సెలవు దొరికిన రోజున ఆట, మిగతా రోజులు వార్డు. ఆమె జీవితం గురించి రాసేవాళ్ళు ఈ భాగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు, గోల్స్ ఉండవు కాబట్టి. నాకు ఇదే పెద్ద భాగంలా కనిపిస్తుంది. సమాజం కళ్ళకి కనబడకూడదని గోడల వెనక పెట్టిన మనుషుల దగ్గర దశాబ్దాలు పనిచేసింది.

జట్టులో ఆమె తక్కువ మాట్లాడేది, మాట్లాడితే వాత పెట్టినట్టు ఉండేదట. వయసు మీదపడ్డ ఆటగత్తెలు మ్యాచ్‌కి ముందు మోకాళ్ళకీ చీలమండలకీ కట్లు కట్టుకుంటుంటే లోపలికొచ్చి చూసి, జట్టుని రోగాలు నయం చేసే లూర్ద్ యాత్రకి తీసుకెళ్తున్నారా అని ఎగతాళి చేసిన సంగతి తోటివాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. ఆ కట్ల వెనక సంగతి ఏమిటంటే వాళ్ళకి ఫిజియో లేడు, డాక్టర్ లేడు, మంచి గడ్డి ఉన్న మైదానం లేదు. ముప్పై దాటిన శరీరాలతో గతుకుల నేల మీద ఆడుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946లో, 41 ఏళ్ళ వయసులో ఆమెని కెప్టెన్ చేశారు. అప్పటికి జట్టులో ఆమె కన్నా సగం వయసు పిల్లలున్నారు. 1951 దాకా ఆడింది. మొత్తం 31 ఏళ్ళు. గోల్స్ 900కు పైనే అంటారు. నిషేధం పడకముందు ఆడింది ఏడాదిన్నర. మిగతా ఆటంతా నిషేధం కిందే.

మగ ఆటగాడికైతే ఈ లెక్కకి ఎన్ని మైదానాలకి పేర్లు పెట్టేవారో అనిపిస్తుంది. నా పీహెచ్‌డీ పని కోసం తిరిగేటప్పుడు ఒక గురుకులంలో కబడ్డీ ఆడే అమ్మాయిల్ని చూశాను. మైదానం ఉంది, సాయంత్రం దాని గేటు తాళం వాళ్ళ చేతుల్లో లేదు. అబ్బాయిల ప్రాక్టీస్ అయ్యాక, చీకటి పడేలోపు మిగిలిన అరగంట వాళ్ళది. నిషేధం అని కాగితం మీద ఎవరూ రాయలేదు. ఆ రాత్రి హాస్టల్ గదికొచ్చి లిలీ గురించిన నోట్సు మళ్ళీ తీశాను. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

లిలీ పెళ్ళి చేసుకోలేదు. ఆమె మీద ప్రేమతో ఈ తరం లెస్బియన్ ఫుట్‌బాల్ బృందాలు లండన్‌లో ఆమె పేరిట 2007 నుంచి కొన్నేళ్ళు ట్రోఫీ నడిపాయి. ఆమె తన అంతరంగ జీవితం గురించి లోకానికి వివరణ ఇచ్చుకోలేదు. అలా ఇవ్వకుండా బతకడానికి 1930లలో, 40లలో చిన్న ఊళ్ళో ఎంత నిబ్బరం కావాలో ఊహించుకోవచ్చు.

ఆమె ఆడటం మానేశాక జట్టు ఇంకో 14 ఏళ్ళు బతికింది. ఫ్రాంక్‌లాండ్ 1957లో చనిపోయాడు. ఆడేందుకు మనుషులు దొరక్క 1965లో జట్టు ఆగిపోయింది. 1967లో లిలీకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది, రెండు వైపులా తీసేశారు. కోలుకుంది. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు 1969లో తమ సొంత ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. మైదానాల నిషేధం 1970-71 నాటికి తొలగింది, అంటే సుమారు 50 ఏళ్ళకి. అప్పుడు లిలీకి 66 నడుస్తోంది.

ఫుట్‌బాల్ అసోసియేషన్ క్షమాపణ చెప్పింది 2008లో. అంతకుముందు, 2002లో నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు ఎంపికైనవాళ్ళలో ఆమె ఒక్కతే స్త్రీ. 2019లో మాంచెస్టర్‌లో ఆ మ్యూజియం దగ్గరే విగ్రహం పెట్టారు. బ్రిటన్‌లో ఒక మహిళా ఫుట్‌బాలర్‌కి అదే మొదటి విగ్రహం. మనవాళ్ళకి విగ్రహం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు, దాన్ని చిన్నచూపు చూడను. కానీ డిక్, కెర్ జట్టులో ఆమెతో పాటు పరిగెత్తిన జెన్నీ హారిస్, ఫ్లోరీ రెడ్‌ఫర్డ్, ఆలిస్ కెల్ ఆ దిమ్మె మీద లేరు. ఒక్క మనిషిని ఎత్తిపట్టి మిగతా కూలీ జనాన్ని మరిచిపోవడం గెలిచినవాళ్ళ చరిత్ర అలవాటు. ఆ పేర్లు కూడా పలకాలి.

లిలీ పార్ 1978 మే 24న, ప్రెస్టన్ దగ్గరి గూస్నార్ అనే ఊళ్ళో తన ఇంట్లో చనిపోయింది. 73 ఏళ్ళు. సెయింట్ హెలెన్స్ తీసుకెళ్ళి పాతిపెట్టారు.